ఆళ్లగడ్డలో పదకొండు ఏనుగులు

కుందూ పొంగి, నంద్యాలలో జనం మిద్దెల మీద పొయ్యిలు పెట్టుకున్న పెద్ద వరద ఉంది చూడండి, ఆ వరద పోయిన పదహారో ఏట మా ఆళ్లగడ్డకు ఏనుగు వచ్చింది. ఒక్కటే వచ్చింది. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను. ముందు ముందు లెక్కల్లో తేడాలు వస్తాయి.

ఆడ ఏనుగు. శేషాచలం నుంచి దారి తప్పి వచ్చిందని కొందరు, దారి తెలిసే వచ్చిందని కొందరు అన్నారు. కొన్నాళ్ళు నల్లమల కింద తిరిగి, వంక వెంబడి నడుచుకుంటూ ఊరి పక్కకు దిగింది. వంక అంటే వానాకాలంలో కొండనీళ్ళు దిగే దారి. మిగతా కాలమంతా ఇసుక. ఆ ఇసుకతో నీళ్ళకూ జంతువులకూ తప్ప ఎవరికీ పని ఉండేది కాదు.

ఇప్పుడు ఉంది. ఊరు పెరగాలి కదా. చెన్నకేశవులు గారు ఆ వంకను చదును చేయించి ప్లాట్లు వేశారు. ఆ వెంచర్‌కు గజేంద్ర గార్డెన్స్ అని పేరు పెట్టారు. పేరు పెట్టే నాటికి ఏనుగు లేదు. గార్డెన్సూ లేదు. ముఖద్వారం మీద మాత్రం రెండు సిమెంటు ఏనుగులు తొండాలెత్తి స్వాగతం చెబుతుంటాయి. అడవి జంతువు కదా, ఆ స్వాగతం నిజమే అనుకుంది. లోపలికి వచ్చి పచ్చిక తిన్నది. ఈతకొలనులో నీళ్ళు తాగి, మిగిలినవి నెత్తిన పోసుకుని వెళ్ళింది. ఏర్పాట్లు నచ్చినట్టున్నాయి, మరునాడు మళ్ళీ వచ్చింది.

చెన్నకేశవులు గారు నంద్యాలకు పోయి అర్జీ ఇచ్చారు. ఏనుగు తన స్థలాన్ని ఆక్రమించిందని అందులో రాయించారు. ఆక్రమణ గురించి ఆయనకు తెలిసినంతగా మా తాలూకాలో ఎవరికీ తెలియదు కాబట్టి అధికారులు వెంటనే నమ్మారు.

పది రోజుల్లో మానవ గజ సమన్వయ సంఘం ఏర్పడింది. దానికి ప్రత్యేకాధికారిగా విజయభాస్కర్ గారిని వేశారు. మంచివాడు. చదువుకున్నవాడు. చెమట పట్టినా చొక్కా నలగనివాడు. మొదటి సమావేశం నంద్యాలలో ఒక చల్లటి హాలులో జరిగింది. ఊరికి ఇద్దరు రావాలన్నారని, వంక పక్కన ఉండేవాణ్ణని నన్నూ తీసుకుపోయారు. విజయభాస్కర్ గారు మైకు అందుకున్నారు.

"ఏనుగు మనకు శత్రువు కాదు. ఏనుగు మన భాగస్వామి. అయితే భాగస్వామికి హక్కులతో పాటు బాధ్యతలు కూడా ఉంటాయి. ఆ బాధ్యతలు ఏనుగుకు తెలియజేయడమే ఈ సంఘం తొలి కర్తవ్యం."

అందరం చప్పట్లు కొట్టాము. ఉప్మా బాగుంది.

పని వెంటనే మొదలైంది. ఏనుగు తిరిగే దారిలో, దాని కంటికి అందే ఎత్తున, కరపత్రాలు అంటించారు. మైదా జిగురుతో అంటించారు కాబట్టి ఏనుగు ఒక్కటీ వదలకుండా తిన్నది. కరపత్రాలకు అపూర్వ స్పందన వచ్చిందని పేపర్లో పడింది. పెద్దరోడ్డు మీద ఏనుగు దాటడానికి తెల్లచారలు గీశారు. ఏనుగు మాత్రం ఆ చారల మీదనే దాటేది. మనుషులే ఇంకా అలవాటు పడలేదు. ఫోను సౌకర్యం కూడా పెట్టారు. ఏనుగు దూరంగా ఉంటే ఒకటి నొక్కాలి, దగ్గరగా ఉంటే రెండు నొక్కాలి, మీద పడితే లైనులో వేచి ఉండాలి.

ఇంత చేసినా ఏనుగు సాయంత్రం కాగానే వెంచర్లోకి పోతూనే ఉంది. అప్పుడు, ముందు ఏనుగులు ఎన్ని ఉన్నాయో లెక్క తీయండని పైనుంచి ఉత్తరువు వచ్చింది. నా కథ ఇక్కడ మొదలవుతుంది.

నాది రాతి పని. మా ఊళ్ళో చాలామందిది అదే. వెంచర్ గోడకు ఆనుకుని, వంక గట్టున నా షెడ్డు ఉంది. దాని ముందు నేను చెక్కిన ఏనుగులు పదకొండు నిలబడి ఉన్నాయి. బడి గేటుకు, పెళ్ళి మండపానికి, ఇంకెవరింటి వాకిలికో చేసినవి తొమ్మిది. మిగిలిన రెండూ పెద్దవి. దొర్నిపాడు దగ్గరి పల్లెలో కొత్తగా కట్టిన గుడి మెట్లకు అటూ ఇటూ నిలబడవలసినవి. వాటిని ఏడాదిన్నర చెక్కాను. ఆ నెలాఖరు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ముహూర్తం. చెప్పిన రోజుకు పని ఇవ్వకపోవడం నలభై ఏళ్ళలో నాకు లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బొమ్మ అంతా పూర్తి చేస్తాము, కళ్ళు మాత్రం తెరవము. నిలబెట్టే చోట, ముహూర్తానికి తెరుస్తాము. అప్పటిదాకా అది రాయే. కాలితో ఆనుకోవచ్చు, పైన పంచె ఆరేసుకోవచ్చు.

లెక్క తీయడానికి క్రాంతి కుమార్ అనే కుర్ర అధికారి జీపులో వచ్చాడు. ఏనుగుకు రెండు వందల మీటర్ల కన్నా దగ్గరికి పోరాదని సంఘం నియమం. నియమం తప్పే మనిషి కాదు. రోడ్డు మీదే జీపు ఆపి, దుర్భిణీ పెట్టి మూడు గంటలు నా షెడ్డు వైపు చూశాడు. చివర్లో చూస్తే నా ఇంటామె మహానందమ్మ ఏనుగు వీపు మీద వడియాలు పెడుతోంది.

"అమ్మా, కదలొద్దు! మెల్లగా వెనక్కి రా!" అని మైకులో అరిచాడు.

"ఏమయ్యా, ఎవరో అరుస్తాండారు, ఏందో కనుక్కో" అన్నది ఆమె.

నేను రోడ్డు మీదికి పోయేసరికి జీపు వెళ్ళిపోయింది. నివేదిక కూడా జీపుతో పాటే పోయింది. ఆళ్లగడ్డ శివారులో ఏనుగులు పదకొండు. అన్నీ ఒకేచోట. స్వభావం సౌమ్యం. స్త్రీలు వాటి మీద వడియాలు పెట్టుకునేంత సౌమ్యం. మూడు గంటల పాటు చూసినా ఒక్కటీ కదలలేదు, క్రమశిక్షణ మెచ్చదగినది. ఒక్కదానికీ కళ్ళు కనిపించలేదు, కంటి జబ్బు ఏదో ప్రబలినట్టుంది.

అసలు ఏనుగు ఆ మూడు గంటలూ వెంచర్లో ఈతకొలను దగ్గర ఉంది. అది లెక్కలోకి రాలేదు.

మర్నాడు షెడ్డు చుట్టూ తాడు కట్టి, ఎర్ర జెండాలు పెట్టారు. ఏనుగులు ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చాయని బోర్డు పాతారు. నా ఏనుగుల దగ్గరికి పోవడానికి నాకే పాసు కావలసి వచ్చింది. పాసు మావటివాళ్ళకే ఇస్తారట. అందుకని నన్ను తాత్కాలిక మావటిగా వేసుకుని ఆకుపచ్చ చొక్కా, ఈల ఇచ్చారు. చొక్కా సరిపోయింది.

కంటి జబ్బు చూడటానికి పశువుల డాక్టరమ్మ జ్యోత్స్న గారు మందు సీసాలతో వచ్చారు. ఆమె ఒక్కతే తాడు దాటి దగ్గరికి వచ్చింది. ఏనుగు పక్కటెముకల మీద చెయ్యి వేసింది. గోటితో కొట్టి చూసింది.

"తాతా, ఇవి రాళ్ళు కదా?"

"ఊఁ."

"వాళ్ళకు చెప్పలేదా?"

"చెప్పినా."

"ఏమన్నారు?"

"రెండు వందల మీటర్లు కదమ్మా, ఇనపడలేదంట."

ఆమె నవ్వుకుంటూ ఫారం తీసింది. అందులో మూడు గడులే ఉన్నాయి. ఆరోగ్యం, అనారోగ్యం, మరణం. రాయి అనే గడి లేదు. ఆమె చాలాసేపు ఆలోచించి ఆరోగ్యం దగ్గర గీత పెట్టింది. జ్వరం లేదు కదా మరి.

ఆరోగ్యంగా ఉన్న ఏనుగుకు మేత వేయాలి. ఆ మరునాటి నుంచి లారీ రావడం మొదలైంది. పదకొండు ఏనుగులకు సరిపడా చెరుకు, అరటి బోదెలు, జొన్న చొప్ప తెచ్చి తాడు అవతల కుప్ప పోసి పోయేవారు. మొదటి రోజు మేత అలాగే ఉంది. ఏనుగులు అలిగాయేమోనని సంఘంలో ఆందోళన కలిగింది. రెండో రోజు సాయంత్రం అసలు ఏనుగు వెంచర్‌కు పోతూ పోతూ చెరుకు వాసనకు ఆగింది. ఇటు తిరిగింది. నా షెడ్డు ముందు నిలబడి కడుపారా తిన్నది. తిని, రాతి పొడి కుప్ప దగ్గరికి పోయి తొండంతో పొడి తీసి ఒళ్ళంతా చల్లుకుంది. ఏనుగులకు అది అలవాటట. కాసేపటికి తెల్లబడి, నా ఏనుగుల మధ్య నిలబడితే నాకే పోల్చుకోవడానికి కొంత సమయం పట్టింది. కళ్ళున్నదే అసలుది అనుకున్నాను.

ఇక అది వెంచర్‌కు పోలేదు. ఎందుకు పోతుంది? పదకొండింటి మేత అది ఒక్కటే తినలేకపోయింది కాబట్టి మిగిలింది వీధిలో బర్రెలు తిన్నాయి. మా వైపు పాలు చిక్కబడ్డాయి. షెడ్డు ఎదురుగా చెరుకురసం బండి పెట్టుకున్న అబ్దుల్ రహిమాన్ రోజూ నాలుగు గడలు అడిగి తీసుకుపోయేవాడు.

"గురుస్వామన్నా, నీ రాళ్ళు సల్లగుండల్ల. యా ఏనుగూ ఇంత పుణ్యం జేయలా" అనేవాడు.

"మెల్లగ మాట్లాడు."

"ఎవురింటారన్నా? రెండు నూర్ల మీటర్ల దాకా ఎవురూ రారు గదా."

మేత రిజిస్టరులో పూర్తిగా తిన్నాయి అని పడింది. వెంచర్‌కు ఏనుగు రాక ఆగిందని పడింది. పదకొండు ఏనుగులను ఒక్క మత్తుసూది లేకుండా, ఒక్క టపాకాయ కాల్చకుండా మచ్చిక చేసిన పట్టణం దేశంలో ఇంకొకటి లేదని కూడా పడింది. చూడటానికి వేరే జిల్లాల వాళ్ళు బస్సుల్లో వచ్చి రెండు వందల మీటర్ల దూరంలో నిలబడి రాసుకుపోయారు. ఎవరికీ నష్టం లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

సోమవారం నాడు గుడి పెద్ద హనుమంతయ్య ట్రాక్టరు మీద వచ్చాడు. తాడు చూశాడు, జెండాలు చూశాడు, నా చొక్కా చూశాడు.

"ఏమప్పా గురుస్వామీ, ఈ యేషమేంది? మా ఏనుగులు యాడ?"

"ఆడ."

"ఎప్పుడంపుతాండావు?"

"సర్కారువైనాయి."

"నువ్వు చెక్కితివి, సర్కారు ఎట్ల కన్నది వాటిని?"

నేను బోర్డు చూపించాను.

"సూడప్పా, ఏడూళ్ళకు పిలుపులు పోయినాయి. ఆడబిడ్డలు వస్తాండారు. శుక్రవారం మెట్లకాడ ఏనుగులు లేకుంటే ఆడ నిన్ను నిలబెడతా. ఒగ పక్క నువ్వు, ఒగ పక్క నేను." అట్లా అని పోయాడు. మా ఇంటామె లోపల్నుంచి వచ్చి, "నోరు తెరువు ఒగసారైనా. నంద్యాలకు పో. ఆ సారును అడుగు" అన్నది.

మంగళవారం బస్సెక్కి నంద్యాలకు పోయాను. విజయభాస్కర్ గారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి టీ తెప్పించారు. తలుపు వేసి వచ్చి మెల్లగా చెప్పారు.

"గురుస్వామి గారూ, అవి రాళ్ళని నాకు తెలుసు. జ్యోత్స్న మేడమ్ ఆ రోజే చెప్పారు. కానీ ఏం చేయను? నివేదిక విజయవాడకు పోయింది. పైకి పోయేటప్పుడు ఏనుగులు. కిందికి వచ్చేసరికి రాళ్ళయితే దారిలో ఏం జరిగిందని నన్నే అడుగుతారు."

"రెండు ఇయ్యండి సార్. తొమ్మిది పెట్టుకోండి."

"తొమ్మిది ఎలా కుదురుతుంది? గురువారం ముఖ్య అతిథి వస్తున్నారు. మన సంఘం విజయాల మీద పుస్తకం అచ్చయింది. దాని అట్ట మీద పదకొండు అని ఉంది. ముహూర్తం మార్చుకోమనండి."

"ముహూర్తం నా చేతిలో లేదు."

"ఏనుగులు నా చేతిలో లేవు."

ఇద్దరం టీ తాగాము. వచ్చాను.

బుధవారం నేను పని ముట్టలేదు. రెండు పెద్ద ఏనుగుల దగ్గర ఈల పట్టుకుని కూర్చున్నాను. అసలు ఏనుగు వచ్చి నా పక్కన నిలబడి చెరుకు తిన్నది. దానికి ముహూర్తాలు లేవు.

గురువారం సాయంత్రం నా షెడ్డుకు రెండు వందల మీటర్ల దూరంలో షామియానా వేశారు. కుర్చీలన్నీ నిండాయి. వెంచర్‌లో ప్లాట్లు కొన్నవారిని చెన్నకేశవులు గారు ముందు వరసల్లో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి పైనుంచి వచ్చినవారు. పేరు నాకు తెలియదు, దండ పెద్దది.

ఆయన మాట్లాడుతూ అన్నారు. "మనిషి ముందుకు పోవాలి. ఏనుగు కూడా ముందుకు పోవాలి. ఇద్దరూ ఒకే దారిలో ఎదురెదురుగా పోతే అదే సంఘర్షణ. ఇద్దరిలో ఒకరు కదలకుండా ఉంటే అదే సమన్వయం. చూడండి ఆ ఏనుగులను! ఎంత నిశ్చలంగా ఉన్నాయి! ప్రతి పౌరుడూ వాటిని చూసి నేర్చుకోవాలి."

చప్పట్ల మధ్య, అందరి ఎదుటా ఒకసారి ఏనుగులను లెక్కించి పుస్తకం ఆవిష్కరించాలని ఏర్పాటు. క్రాంతి కుమార్ దుర్భిణీ తీసుకున్నాడు. మైకులో ఒక్కొక్కటే లెక్క పెడుతున్నాడు. ఒకటి, రెండు. అప్పటికి మేత వేళ అయింది. అసలు ఏనుగు రాతి పొడి పూసుకుని తూర్పు కొసన నిలబడి ఉంది. దాన్నీ కలిపి లెక్కపెట్టాడు. అతడు మధ్యకు వచ్చేసరికి దానికి దాహమైంది. షెడ్డు వెనకగా నడిచి, పడమటి కొసన తొట్టి దగ్గరికి వచ్చి నిలబడింది. అక్కడ మళ్ళీ లెక్కపెట్టాడు.

"పదమూడు" అన్నాడు మైకులో.

ముఖ్య అతిథి ముఖం వెలిగిపోయింది. "మన సంరక్షణలో రెండు పెరిగాయి!" అని గట్టిగా అన్నారు. ఆయన ఒక్కరే చప్పట్లు కొట్టారు. చెన్నకేశవులు గారు లేచి నిలబడ్డారు.

"ఏందీ పెరిగేది? తగ్గించమని గదా నేను అర్జీ ఇచ్చింది? నెలకు రెండు పెరిగితే నా ప్లాట్లు మనుషులకు అమ్మల్లా, ఏనుగులకు అమ్మల్లా?"

ముందు వరసలన్నీ లేచాయి. మా అడ్వాన్సులు మాకిచ్చేయమని ఒకరు, ఏనుగులకు కుటుంబ నియంత్రణ లేదా అని ఒకరు అరిచారు. కుర్చీలోంచి లేవనిది విజయభాస్కర్ గారొక్కరే. రాళ్ళు పిల్లలు పెట్టవని ఆ షామియానాలో తెలిసినవాడు ఆయనే కాబట్టి, చెమట కూడా ఆయన ఒక్కరికే పట్టింది. ఆ రోజు చొక్కా నలిగింది.

ఆయన వేదిక దిగి, నియమం పక్కనబెట్టి, పరుగున నా దగ్గరికి వచ్చారు.

"గురుస్వామి గారూ, ఎక్కడివి ఆ రెండూ?"

"నాకేం దెలుసు సార్."

"ఎలాగైనా సరే, రేపు పొద్దుటికల్లా రెండు తగ్గాలి. మళ్ళీ లెక్క పెట్టించి పేపరుకు ఇస్తాను."

"యా రెండు?"

"ఏ రెండైనా!"

"రాసియ్యండి."

ఆయన అక్కడే, నా పెద్ద ఏనుగు తొండం మీద కాగితం పెట్టుకుని రాశారు. అదనంగా ఉన్న రెండు ఏనుగులను మావటి గురుస్వామి తన ఇష్టప్రకారం తగిన చోటికి తరలించవచ్చును. సంతకం చేసి ముద్ర కూడా వేశారు. ముద్ర జేబులోనే ఉంటుందట. మైకు దగ్గరికి పోయి, అదనపు ఏనుగులు తెల్లవారే లోగా ఉండవని ప్రకటించారు. ఈసారి అందరూ చప్పట్లు కొట్టారు. పుస్తకం ఆవిష్కరించారు.

అబ్దుల్ రహిమాన్ రసం గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీ రెండూ పోతే తొమ్మిదే గదా మిగిలేది. రేపు లెక్కకు పదకొండు ఎట్ల జేస్తావు?"

నేను తొట్టి దగ్గర ఉన్న ఏనుగును చూపించాను. అతడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది. ఈ కొసన ఒకసారి, ఆ కొసన ఒకసారి.

"యా అల్లా, సరిపోయినాయి!" అన్నాడు. గ్లాసు నాకిచ్చాడు.

మరునాడు తెల్లవారగానే క్రేను పిలిపించి రెండు పెద్ద ఏనుగులనూ లారీకి ఎక్కించాను. తెచ్చుకున్న కాగితానికి గౌరవంగా ముందొక జీపు కూత పెట్టుకుంటూ పోయింది, రెండు వందల మీటర్ల దూరం పాటిస్తూ. దారి పొడుగునా జనం నిలబడి దండాలు పెట్టారు. పల్లెలో హనుమంతయ్య మెట్ల దగ్గర మంచి పంచె కట్టుకుని, ఏనుగులు రాకపోతే తానే నిలబడవలసిన చోట నిలబడి ఉన్నాడు. లారీని చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు తప్పుకున్న మనిషి ఆయన ఒక్కడే.

తొమ్మిది గంటలకు ఏనుగులను పీఠాల మీద నిలబెట్టాము. కళ్ళు తెరవడం ఒకటే మిగిలింది. తెరిచేటప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదు. ముందు అద్దం చూపాలి, తర్వాత ఆవునూ దూడనూ చూపాలి, పండ్లూ పూలూ చూపాలి. మనిషిని చివర్న చూపాలి. ఎందుకని మా నాయన చెప్పలేదు. నేను అడగలేదు.

నేను ఉలి తీసుకుని నిచ్చెన ఎక్కేసరికి ఎదురుగా ఏడూళ్ళ జనం ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. తరలింపుకు సాక్ష్యం కావాలని విజయభాస్కర్ గారు వచ్చారు. తన అర్జీ ఫలించినందుకు చెన్నకేశవులు గారు కుటుంబంతో వచ్చారు. అద్దం పట్టుకోవలసిన పూజారి అద్దం చంకలో పెట్టుకుని ఫోను తీశాడు. ఆవునూ దూడనూ వెనక్కి నెట్టేశారు.

"తప్పుకోండి" అన్నాను.

"ఒక్క ఫొటో తాతా" అన్నారు.

"ఎదురుగా ఉండకూడదు. ఏనుగుకు అడ్డం. తప్పుకోండి."

"వాళ్ళను తప్పుకోమను" అన్నారు ముందున్నవాళ్ళు వెనకవాళ్ళను చూపిస్తూ. వెనకవాళ్ళు ముందువాళ్ళను చూపించారు. విజయభాస్కర్ గారు అందరినీ సహకరించమని కోరి, తాను ఇంకో రెండడుగులు ముందుకు జరిగారు.

మూడోసారి కూడా చెప్పాను. ఒక రోజులో అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. ఎవరూ కదలలేదు. తొమ్మిదిన్నర దాటబోతోంది. ఉలి ఆనించి, సుత్తితో కొట్టాను.

ఏనుగు కళ్ళు తెరిచింది. ఎదురుగా మనమున్నాము.